మారన కృతిపతి ఉత్తరజీవితము

ఓరుగంటినుండి ఖమ్మమునకు పోవు త్రోవలో మరిపెడ యున్నది. దాని చుట్టుపట్ల నేల కాకతీయుల జాడలతో నిండినది. కురవిలో వీరభద్రాలయము కలదు. బయ్యారమున గణపతిదేవుని సోదరి మైలాంబ త్రవ్వించిన చెఱువును, ఆ చెఱువును గూర్చి చెప్పుచు కాకతీయ వంశపు మూలపురుషులను పేర్కొను శాసనమును కలవు. ఇట్టి శిలలను చదువుచు పోవువారికి ఒక విషయము త్వరలోనే బోధపడును. శాసనము దానము చేసినవాని పేరు నిలుపును. గెలిచినవాని బిరుదములు నిలుపును. కోటను పోగొట్టుకొనినవానితో దానికి పనిలేదు. కావ్యమునకైనను అట్టివానితో పని యున్నదా? ఓటమి పిదప ఓడినవాడు బ్రతికిన బ్రతుకును మన సాహిత్యము ఏ కంట చూచినది? ఈ ప్రశ్నను మారన మార్కండేయ పురాణము నాధారముగా గొని విచారింప దలచితిమి. ఆ గ్రంథమునకు కృతిపతియైన నాగయ గన్నయ సేనాని జీవితమే యీ ప్రశ్నను మన ముందుంచుచున్నది.

మారన తిక్కన సోమయాజికి శిష్యుడు. ఆ మహాకవి యనుగ్రహమువలననే తనకు సరస్వతి లభించినదని ఆశ్వాసాంత గద్యలలో చెప్పుకొనినవాడు. తెలుగున మహాపురాణము ననువదించినవారిలో ఇతడే ప్రథముడు. పెద్దన మనుచరిత్రకు మూలమైన ప్రవరుని కథ తెలుగువారికి మొదట మారన పురాణముననే లభించినది. అందుచేత సాహిత్య చరిత్రకారులు మారనను పెద్దనకు ముందు మెట్టుగా గ్రహించి, ఆ పోలికలను విస్తరించి వ్రాసిరి. కృతిపతిని గూర్చి మాత్రము, ఇతడు ప్రతాపరుద్రుని సేనాని, ఓరుగంటి కటకపాలుడు అని రెండు మాటలు చెప్పి ముందునకు సాగిపోవుట పరిపాటి. పేరు సామ్యమును బట్టి ఇతనిని గోన గన్నారెడ్డిగా పొరబడరాదు. బాపిరాజుగారి నవలలోని గన్నారెడ్డి రుద్రమదేవి కాలమువాడు. మన గన్నయ ప్రతాపరుద్రుని తుదినాళ్ళవాడు.

కృతిని అంకితమిచ్చుట యనగా మన పూర్వుల దృష్టిలో సామాన్యమైన విషయము కాదు. కృతి కన్యక; కవి తండ్రి; కృతిపతి వరుడు. పుత్రుడు, చెఱువు, దేవాలయము, వనము, నిధి, అగ్రహారము అనువానితో పాటు కృతియు సప్తసంతానములలో నొకటి. దేహము పోయినను కీర్తి నిలుచుటకు కృతిపతి కృతి నందుకొనును. అతని వంశమును, శౌర్యమును, వితరణమును కవి అవతారికలో వర్ణించును. కాని యీ వర్ణన యంతయు కృతి నందుకొను దినమువరకే. ఆపైన కృతిపతికి ఏమి సంభవించినను గ్రంథము మాఱదు. మార్కండేయ పురాణమున గన్నయ నేటికిని ఓరుగంటిని కాపాడుచున్న సేనానియే. ఆ కోట పడలేదు, ఆ రాజు చెఱపడలేదు.

కోట పడినది. క్రీ. శ. 1323లో ఘియాసుద్దీను తుగ్లకు కుమారుడైన ఉలుగ్ ఖాను రెండవమారు ఓరుగంటిని ముట్టడించి పట్టుకొనెను. ప్రతాపరుద్రుడు బందీయై ఢిల్లీకి తరలింపబడుచు త్రోవలో నర్మదాతీరమున మరణించెను. ముసునూరి ప్రోలయనాయకుని విలస శాసనము ఈ మరణమును పేర్కొనుచున్నది. క్రీ. శ. 1423 నాటి అనితల్లి కలువచేరు శాసనము ప్రతాపరుద్రుడు తన ఇచ్ఛచేతనే దివికేగెనని చెప్పుచున్నది. రాజు కథ అంతటితో ముగిసినది. సేనాని కథ ముగియలేదు.

ఇచ్చట మన గ్రంథములు మౌనము వహించును. పారసీక గ్రంథములు మాటలాడును. ఫిరోజు షా తుగ్లకు చరిత్రను వ్రాసిన షంసు సిరాజు అఫీఫు ఆ సుల్తాను వజీరైన ఖానె జహానును గూర్చి విపులముగా వ్రాసెను. ఈ వజీరు తెలంగాణమువాడు, పూర్వమున హిందువు, ఆ దేశపు రాజు కొలువులో గొప్ప పదవి నందినవాడు. రాజు త్రోవలో మరణింపగా ఇతడు మహమ్మదు తుగ్లకు ఎదుట నిలిచి ఇస్లామును స్వీకరించెను. మక్బూలు అను పేరు వడసెను. ఇతని పూర్వనామమును అఫీఫు గ్రంథమున కొందఱు కన్ను అనియు, కొందఱు కట్టు అనియు చదివిరి. పారసీక లిపిలో పదమధ్యమున నకార తకారములకు భేదము చుక్కలలో మాత్రమే యుండును. ప్రాచీన ప్రతులలో కకార గకారములకు వ్రాతలో భేదమే పాటింపరు. కావున కన్ను అను పాఠము గన్న అను పేరునకు మిక్కిలి సన్నిహితము. ఈ లిపి సంభావ్యతను, ఉభయుల పదవీ సామ్యమును, కాలసామ్యమును కలిపి చూచి చరిత్రకారులు పలువురు మారన కృతిపతియైన గన్నయయే మక్బూలని నిర్ణయించిరి. మక్బూలు పూర్వనామము యుగంధరుడని తలచినవారును కలరు. మాకు గన్నయ పక్షమే బలవత్తరముగా తోచుచున్నది.

ఇందులకు ఒక ఆక్షేపణ కలదు. మక్బూలుకు చదువును వ్రాతయు రావని అఫీఫు చెప్పినాడు. తిక్కన శిష్యునిచే పురాణమును కృతి నందినవాడు నిరక్షరాస్యుడగునా యని కొందఱు సందేహింపవచ్చును. అఫీఫు మాటను ఆ దర్బారు లిపిని గూర్చిన మాటగా గ్రహించుట యుక్తమని మా అభిప్రాయము. పారసీకము చదువలేనివానిని ఆ దర్బారువారు చదువురానివాడనియే తలతురు. అంతేకాక పురాణము వినుటకు పుట్టినది. మార్కండేయ పురాణముననే జైమిని మహర్షి తన సందేహములు తీర్చుకొనుటకు పక్షుల చెంతకు పోయి, అవి చెప్పగా వినెను. ఓరుగంటి సేనాని మారన చెప్పగా వినుటలో అసంగతమేమియు లేదు. ఆ అఫీఫే మక్బూలు గొప్ప వివేకము, లోకజ్ఞానము కలవాడని మెచ్చుకొనెను. ఒక భాషలో కృతిపతియైనవాడు వేఱొక భాషలో నిరక్షరుడుగా పరిగణింపబడుట, ఓడినవాని యుత్తరజీవితమునకు మేమెఱిగిన గుర్తులలో మిక్కిలి స్పష్టమైనది.

ఇక ఆ జీవితమును సంగ్రహముగా చూతము. ఓరుగంటిని పడగొట్టిన ఉలుగ్ ఖానే 1325లో మహమ్మదు తుగ్లకుగా సింహాసనమెక్కెను. తన కోటను కూల్చినవానినే గన్నయ సేవింపవలసి వచ్చెను. పత్రములపై ముద్ర వేయునపుడు తాను ఆ సుల్తానుకు దాసుడనని పేర్కొనెడివాడట. మఱికొంత కాలమునకు విధి మిక్కిలి క్రూరమైన చమత్కారమును చూపినది. సుల్తాను ప్రతినిధిగా మక్బూలు మరల ఓరుగంటిలోనే నియుక్తుడయ్యెను. ఒకప్పుడు ఏ కోటను ఢిల్లీ సేనలనుండి కాపాడుటకు నిలిచెనో, అదే కోటను ఇప్పుడు తెలుగు నాయకులనుండి ఢిల్లీకై కాపాడవలసి వచ్చెను. 1336 ప్రాంతమున కాపయనాయకుడు ఓరుగంటిపై దండెత్తి వచ్చెను. మక్బూలు ఓడి ఢిల్లీకి పారిపోయెనని బరనీ వ్రాసినాడు. ఈ రెండవ యుద్ధమున ఇరువైపుల ముందు నిలిచినవారు ఒకనాటి యొకే రాజ్యపు నాయకులు. అందుచేత మొదటి ఓటమి పరుల చేతిలోనిది, రెండవది స్వజనుల చేతిలోనిది. మన దేశ చరిత్రకారులు 1323ను దుఃఖముతోను 1336ను సంతోషముతోను వర్ణింతురు. అది సహజమే. కాని రెండు మారులును ఒకే కోటను పోగొట్టుకొనినవాడు ఒక్కడే యున్నాడని గుర్తించినవారు అరుదు.

అటుపిమ్మట అతనికి ముల్తాను సీమ లభించెను. కివాముల్ ముల్కు అను బిరుదము వచ్చెను. 1351లో మహమ్మదు తుగ్లకు సింధు దేశమున ఠట్టా సమీపమున మరణించెను. దండులోనివారు ఫిరోజును సుల్తానుగా నిలిపిరి. ఢిల్లీలో వజీరైన ఖ్వాజా జహాను ఒక బాలుని గద్దెనెక్కించెను. రాజ్యము రెండు పక్షములయ్యెను. అపుడు ఢిల్లీలో నున్న మక్బూలు నగరమును వీడి ఫిరోజును కలిసికొనెను. దానితో ఖ్వాజా జహాను పక్షము క్షీణించెను. ఒకమారు ప్రభువును గోల్పోయి బ్రతికినవాడు రెండవమారు ప్రభువు కానున్నవాడెవడో ముందుగా పసిగట్టెను. ఇది వివేకమా, అవకాశవాదమా? రెండు పేర్లును దీనికి తగును. ఫిరోజు అతనిని వజీరుగా చేసి ఖానె జహాను అను బిరుదమిచ్చెను. సుల్తాను వంగదేశముపైకిని ఠట్టాపైకిని దండెత్తి పోయిన దీర్ఘకాలములలో ఢిల్లీని పాలించినవాడు ఈ తెలంగాణీయుడే. నిజమైన సుల్తాను ఖానె జహానే యని ఫిరోజు అనెడివాడని అఫీఫు చెప్పుచున్నాడు. 1369 ప్రాంతమున అతడు వృద్ధుడై మరణించెను. అతని కుమారుడు జౌనా షా తండ్రి పదవిని, తండ్రి బిరుదమును పొందెను. ఢిల్లీలోని ఖిడికీ మసీదు, కలాన్ మసీదు మొదలగునవి ఈ కుమారుని కట్టడములుగా ప్రసిద్ధములు.

అఫీఫు సాక్ష్యమును తూచి గ్రహింపవలెను. అతడు ఈ చరిత్రను వ్రాయునాటికి 1398లో తైమూరు ఢిల్లీని కొల్లగొట్టి పోయియుండెను. ఆ శిథిలముల నడుమ నిలిచి వెనుకకు చూచువానికి ఫిరోజు కాలమంతయు బంగారుగా కనబడుట సహజము. తన నగరపు ఓటమిని చూచినవాడే ఓడిన తెలుగు సేనాని వైభవమును వర్ణించెను. అయినను అఫీఫు కేవలము స్తుతికర్త కాడు. వజీరు అంతఃపురమున రెండువేల స్త్రీలుండిరని చెప్పుటలో ఆనాటి అధికార భోగము నగ్నముగా తెలియుచున్నది. ఆ స్త్రీలలో ఎందఱు దండయాత్రలలో చిక్కినవారో మనము ఊహింపవచ్చును. గన్నయను పుణ్యపురుషునిగా చేయవలెనను కోరిక మాకు లేదు.

ఇంత చరిత్ర యుండగా మన సాహిత్యమున ఇతని యుత్తరజీవితము ఏల ప్రవేశింపలేదు? మతము మార్చుటయే కారణమని వెంటనే సమాధానము వచ్చును. ఆ కారణము కొంత నిజము. కాని మతము మార్చని ఓడినవారిని మన సాహిత్యము ఏమి చేసినదో పరిశీలించినచో, కారణము ఇంకను లోతున నున్నదని తేలును.

మారన గురువు ఇంటి కథనే మొదట గ్రహింతము. తిక్కన సోమయాజి పెదతండ్రి కుమారుడు ఖడ్గతిక్కన. మనుమసిద్ధి సేనాని. కాటమరాజుతో పసుల మేతకై వచ్చిన కలహమున యుద్ధమునకు పోయి, సేన నశింపగా ఇంటికి మరలి వచ్చెను. భార్య చానమ అతనికి ఆడువారికి వలె చాటున స్నానమునకు పసుపుతో సిద్ధము చేసినదట. తల్లి ప్రోలమ విరిగిన పాలు వడ్డించినదట. అతడు ఆ యవమానమును సహింపలేక మరల రణమునకు పోయి మరణించెను. చాటువులుగా వ్యాపించిన ఈ కథను మనము బాలురకు వీరగాథగా బోధింతుము. దీని యర్థమేమి? ఓడినవానికి స్వగృహమున స్థానము లేదు. తల్లి వంటయింటను లేదు, భార్య పడకటింటను లేదు. అతనికి మిగిలినది ఒక్కటే పని, మరల పోయి చచ్చుట.

రెండవది పలనాటి కథ. గురజాల నలగామరాజునకును మాచెర్ల మలిదేవాదులకును సవతి సోదరుల కలహము యుద్ధమై, కారెమపూడి నేలపై ఉభయ పక్షముల వీరులును నశించిరి. అక్కిరాజు ఉమాకాంతముగారు 1911లో ప్రకటించిన ద్విపద కావ్యమున బాలచంద్రుని యుద్ధమే జీవస్థానము. కాని యీ కథలోని అసలైన విషాదము బ్రహ్మనాయునిది. చాపకూడు పెట్టి కులభేదములను చెఱపినవాడు, మాలకన్నమను కుమారునిగా చేసికొనినవాడు, తుదకు కన్నకొడుకును, ఏలికలను, అనుచరులను పోగొట్టుకొని శవముల నడుమ బ్రతికి మిగిలెను. రాజ్యము నలగామరాజుకు మిగిలినది. బ్రహ్మనాయడు గుత్తికొండ బిలమును ప్రవేశించెనని కథ ముగియును. బిలప్రవేశము మరణము కాదు, జీవితమును కాదు. యుద్ధానంతరము బ్రహ్మనాయని వంటివాడు మాచెర్ల వీథులలో నడచుచు, కొడుకు పోయిన తల్లులను ఎదుర్కొనుచు, కోడలు మాంచాల ముఖము చూచుచు ఎట్లు బ్రతుకగలడో చెప్పుటకు గాథాకారునకు మాటలు లేకపోయినవి. కావున కొండ నోరు తెఱచి అతనిని దాచుకొనెను. ఆ వీరులను స్మరించి కారెమపూడిలో ఏటేట ఉత్సవము జరుగుచున్నది. అందు చచ్చినవారు ఏటేట బ్రతుకుదురు. బ్రతికినవాడు మాత్రము బిలముననే యుండును.

ఈ పలనాటి వీరుల కథను ఓరుగంటి వీథులలో పాడుచుండిరని క్రీడాభిరామము తెలుపుచున్నది. గన్నయ కాపుగాచిన నగరమున ఆ కథ జనుల నోళ్ళలో నుండినదన్నమాట. ఓడిన సేనానికి ఆ సంస్కృతి చూపిన రెండు త్రోవలును, అనగా ఖడ్గతిక్కన త్రోవయు బ్రహ్మనాయని త్రోవయు, అతనికి తెలియకుండునా? ప్రతాపరుద్రుడు మొదటి త్రోవను బోలినదానిని స్వీకరించెను. అందుచే అతని మరణము శాసనములలో కీర్తింపబడినది. గన్నయ రెంటిని విడిచి మూడవ త్రోవ బట్టెను. అతడు బ్రతికెను, నలుగురి నడుమ బ్రతికెను.

మన సాహిత్యమున నాలుగవ త్రోవ యొకటి కలదు. అది ఓటమినే లేదనుట. ఏకామ్రనాథుని ప్రతాపరుద్ర చరిత్రమున రాజు ఢిల్లీనుండి విడుదలయై మరలి వచ్చును. వేదము వేంకటరాయశాస్త్రిగారు 1897లో వెలయించిన ప్రతాపరుద్రీయ నాటకమున మంత్రి యుగంధరుడు పిచ్చివాని వేషమున ఢిల్లీ చేరి, సుల్తానునే పట్టి తెచ్చును. ఈ నాటకము పాత్రోచిత భాషా ప్రయోగమునకును, హాస్యమునకును ప్రసిద్ధి వడసినది. ఆ ప్రసిద్ధి న్యాయమైనది. పరాధీనమైన దేశమున ప్రేక్షకులకు అది ఇచ్చిన యూఱటను మేము తక్కువ చేయము. కాని విమర్శకునకు ఒక విషయము కనబడకపోదు. ఓరుగంటినుండి ఢిల్లీకి పోయి అచ్చటి రాజ్యతంత్రమును తన చేతిలోనికి దెచ్చుకొనిన తెలుగువాడు నిజముగానే యుండెను. నాటకము ఆ పనిని వేఱొకనికిచ్చి, వేషముగా మార్చి, విజయముగా ముగించెను. చరిత్రలో మిగిలిన చేదును కల్పన తీయగా చేసినది.

ఇంతవరకు చెప్పినదానిని బట్టి, తెలుగు సాహిత్యమునకు ఓడి బ్రతికినవానిని చూచు కన్నే లేదని తీర్మానింపవచ్చునా? తీర్మానింపరాదు. అట్టి కన్ను కలదు. అది మారన చదివిన చోటనే కలదు. భారతమును సోదర కలహముగా తలచినచో, యుద్ధము పదునెనిమిది దినములలో ముగిసినది. ఓడినవాని జీవితము మాత్రము ముగియలేదు. నూర్గురు కొడుకులను గోల్పోయిన ధృతరాష్ట్రుడు గెలిచినవాని యింట పదునైదేండ్లు భుజించెను. ధర్మరాజు గౌరవించెను, భీముడు మాటలతో పొడిచెను. తుదకు ముసలివాడు అడవికి పోవుటకు అనుజ్ఞ వేడెను. ఈ ఆశ్రమవాస పర్వమును తెలుగు చేసినవాడు తిక్కనయే. ఖడ్గతిక్కన కథ పుట్టిన వంశముననే, ఓటమి పిదపటి దినములను ఇంత ఓర్పుతో చూచిన కవి పుట్టెను. విద్యార్థులు విరాటోద్యోగములను చదువుదురు. ఆశ్రమవాసమును చదువువారు కొలదిమంది. పాఠ్యభాగముల యెంపికలోను మనము యుద్ధమునకు ముందుండు ఘట్టములనే ప్రేమింతుము.

మార్కండేయ పురాణము మొదలగుటయే యుద్ధము మిగిల్చిన ప్రశ్నలతో. జైమినికి కలిగిన నాలుగు సందేహములును భారతమునకు సంబంధించినవే. వానిలో నొకటి, ద్రౌపది కుమారులైదుగురు పెండ్లియైనను కాకుండ దిక్కులేనివారివలె ఏల చంపబడిరి అనునది. ఈ ప్రశ్నకు సమాధానముగానే కథ హరిశ్చంద్రునివద్దకు పోవును. హరిశ్చంద్రుడు రాజ్యమును గోల్పోయి, ఆలుబిడ్డల నమ్ముకొని, తానును అమ్ముడుపోయి, చండాలునకు దాసుడై కాటికాపరి యగును. పదవీచ్యుతుడైన రాజు పరుల కొలువున నిలిచినపుడు అతనియందు ఏమి మిగులును? ఈ కథయంతయు ఆ ప్రశ్నకే సమాధానము.

ఇంతకన్నను మన విషయమునకు సన్నిహితమైనది సురథుని కథ. సురథుడు తనకంటె అల్పులైన శత్రువులచే ఓడెను. నగరమునకు మరలి వచ్చినచో మంత్రులే ధనాగారమును, సేనను అపహరించిరి. వేట నెపమున ఒంటరిగా గుఱ్ఱమెక్కి అడవికి పోయి మేధసుని యాశ్రమమున చేరెను. అచ్చట అతడు ధ్యానము చేయలేదు. తన పట్టపు టేనుగునకు ఇప్పుడు మేత పెట్టుచున్నారో లేదో, తాను కూడబెట్టిన ధనమును దుర్వ్యయము చేయుచున్నారేమో అని చింతించెను. తనది కానిదానిపై మమత ఏల పోదని మునిని అడిగెను. ఓడినవాని మనస్సును ఇంత సూక్ష్మముగా చూపిన ఘట్టములు అరుదు. పురాణము సురథుని చావుమనలేదు, బిలమున దాగుమనలేదు. దేవి అతనికి రాజ్యమును మరల ఇచ్చినది. పైజన్మమున సావర్ణి మనువగుదువని వరమిచ్చినది. అతనితోడనే యుండిన సమాధి యను వైశ్యుడు జ్ఞానము కోరెను. సురథుడు రాజ్యమునే కోరెను. ఆ కోరికను పురాణము నిందింపలేదు.

మారన భవిష్యత్తును ఎఱిగి తన కృతిపతికి ఈ పురాణము వినిపించెనని మేము చెప్పుట లేదు. అది బాలిశమైన వాదమగును. మేము చెప్పదలచినది ఇంతే: గన్నయ యుత్తరజీవితమును చూచుటకు వలసిన దృష్టి అతనికి అంకితమైన గ్రంథముననే యున్నది. ఆ దృష్టిని విడిచి మనము చాటువుల దృష్టితో అతనిని చూచితిమి. సురథుని ఆదరించిన సాహిత్యము గన్నయను మఱచుటకు కారణము, సురథుడు పోగొట్టుకొనిన సింహాసనమునే మరల పొందుట. గన్నయ పరుల సింహాసనపు పాదముకడ గొప్పవాడగుట. ఓడినవాడు తిరిగి గెలిచినచో మనకు సమ్మతమే. ఓడినవాడు ఓడినవాడుగానే యుండి వర్ధిల్లినచో సమ్మతము కాదు.

ఈ విషయము నేడు కేవలము పాండిత్య విషయము కాదు. గన్నయను కొందఱు ద్రోహి యందురు. కొందఱు అతనిని చూపి ఢిల్లీ దర్బారు ఔదార్యమును కొనియాడుదురు. మొదటివారికి అతడు పోరాడిన కోట జ్ఞప్తికి రాదు. రెండవవారికి అతడు బందీగా ఆ దర్బారును చేరెననియు, రాజు చచ్చిన పిదప బ్రతుకుటకు అతనికి ఎన్ని త్రోవలు మిగిలినవో యనియు జ్ఞప్తికి రాదు. మతము మార్చుట భయముననో, విశ్వాసముననో, ఆశవలననో నిర్ణయించుటకు మన యొద్ద అతని మాట యొక్కటియు లేదు. మాట లేనిచోట తీర్పు చెప్పుట విమర్శకు తగదు. 1336లో అతనిని ఓడించిన కాపయనాయకుడు మాత్రము ఎట్లు మరణించెను? 1368 ప్రాంతమున రేచర్ల పద్మనాయకులతోడి యుద్ధమున, తెలుగువారి చేతిలోనే, ఓరుగంటికి చేరువనున్న భీమవరము కడ మరణించెను. ఇంచుమించు ఆ కాలముననే మక్బూలు ఢిల్లీలో శయ్యపై మరణించెను. గెలిచినవాడు స్వదేశమున స్వజనులచే హతుడు. ఓడినవాడు పరదేశమున సంపూర్ణాయుష్కుడు. ఈ రెండు మరణములను ప్రక్కప్రక్కన నుంచి చూడక ఆ యుగమును గూర్చి తీర్పు చెప్పుట కష్టము.

ఫలితార్థమేమనగా, గన్నయ యను మనుష్యుడు రెండు భాషల నడుమ రెండు ఖండములై యున్నాడు. తెలుగు గ్రంథమున పూర్వార్ధము, పారసీక గ్రంథమున ఉత్తరార్ధము కలదు. మారన అవతారికను చదువువారు అఫీఫును చదువరు; అఫీఫును చదువువారు మారనను ఎఱుగరు. పరిశోధక విద్యార్థులకు మేము సూచించునది ఇదియే. కృతిపతుల చరిత్రను కృతి నందుకొనిన దినముతో ముగింపరాదు. కాకతీయానంతర సాహిత్యమును గూర్చి పనిచేయువారు పారసీక చరిత్రలను అనువాదములలోనైనను పఠింపవలెను. మూలములలో పఠింపగలిగినచో మఱియు మేలు. అట్లు చేసిననాడు ఇంకను ఎందఱి జీవితములు ఇట్లు సగమై యున్నవో తెలియును.

ఢిల్లీలో నిజాముద్దీను ప్రాంతమున ఖానె జహాను సమాధి కలదు. ఆ నగరమున కట్టబడిన అష్టకోణ సమాధులలో అది మొదటిది. తరువాతి సయ్యదుల, లోడీల సమాధులకు అదియే మార్గదర్శి. దానిని నేటికిని తిలంగానీ సమాధి యని పిలుతురు. అతడు మతము మార్చెను, పేరు మార్చెను, భాష మార్చెను. దేశము పేరు మాత్రము అతనిని వీడలేదు. ఆ చేరువనే గాలిబు మహాకవి సమాధియు కలదు. ఆ గాలిబు కవితను 1961లో గాలిబు గీతాలుగా తెనిగించిన దాశరథి కృష్ణమాచార్యులు మరిపెడకు సమీపముననున్న చిన్నగూడూరున పుట్టినవారు. నిజాము పాలనను ధిక్కరించి చెఱసాలకు పోయిన ఆ కవియే, ఆ పాలకుల యాదరణ పొందిన ఉర్దూ భాషలోని గొప్ప కవిని ప్రేమతో తెలుగునకు తెచ్చెను. విరోధమును ఒకచోట నుంచి, భాషను వేఱొకచోట నుంచుట ఆయనకు తెలిసినది. గాలిబును చూడబోవు తెలుగువారు నాలుగడుగులు వేసి ఆ తిలంగానీ సమాధిని కూడ చూచి రావలెనని, వచ్చిన పిదప మారన పురాణమును మరల తెఱవవలెనని మా కోరిక.